అయో, అయ్యో

ఆస్ట్రేలియాలో, ఈ స్కోఫీల్డ్స్‌లో మా ఇంటి గోడలు అప్పడాల కంటే పలచన. పక్కగదిలో ఎవరైనా కనురెప్ప వేస్తే ఇవతల నాకు వినిపిస్తుంది. ఆ వారమంతా మధ్యాహ్నాలు మా అమ్మాయి గదిలోంచి ఒకటే మాట. "అయ్యో." అరగంటకు రెండొందల సార్లు.

అన్నం తిన్నావా అంటే "యా" అనడమే తప్ప పుట్టి బుద్ధెరిగి అచ్చతెలుగులో బదులివ్వని పిల్ల. అది అయ్యో అంటోందంటే ఆస్ట్రేలియా సగమైనా మునిగి ఉండాలి. శుక్రవారం తన పీహెచ్‌డీ మొదటి ఫలితం ప్రొఫెసరుకు చూపించాలి. ఆయన సరేనంటేనే చదువు ముందుకు సాగేది. ఏదో చెడింది, మా దగ్గర దాస్తోంది అని తేల్చేశాను.

"మీ అనుమానానికి వీసా ఇచ్చిందెవరో గానీ, వెళ్ళి అడగరాదూ?" అంది మా ఆవిడ.

గురువారం టీ పట్టుకుని వెళ్ళాను.

"ఏమైందమ్మా? వారం నుంచీ ఒకటే అయ్యో అయ్యో."

"నాన్నా, అయ్యో కాదు, అయో. జూపిటర్ మూన్. దట్స్ ఇట్స్ నేమ్. రేపటి టాక్ ప్రాక్టీస్ చేస్తున్నా."

స్పేస్ టెలిస్కోప్ తీసిన ఫొటోలట. గురుగ్రహానికి అదొక చందమామట, ఒళ్ళంతా అగ్నిపర్వతాలట. నాకు మాత్రం తెర మీద మాడిన బొండా, దాని మీద ఒక తెల్లచుక్క కనిపించాయి.

"ఈ నారింజ రంగు?"

"ఫాల్స్ కలర్."

"దొంగరంగని నువ్వే ఒప్పుకున్నావు."

"నాన్నా, ప్లీజ్. ఆ డాట్ చూడు. న్యూ వాల్కేనో. రేపు చూపించేది అదే."

నాలుగు ఫొటోలు తిప్పింది. బొండా అటూ ఇటూ కాస్త జరిగింది, చుక్క కదల్లేదు. నాలుగింటి పక్కన అయిదోది ఉంది. దాన్ని మాత్రం దాటేసింది. అనుమానం రాదూ మరి?

"అది చూపించవేం?"

"మూన్ సగం కట్ అయింది. యూజ్‌లెస్."

"చూపించు."

తెరిచింది. బొండా ఓ మూలకు జారిపోయింది. చుక్క మాత్రం పాతచోటే, నల్లటి ఆకాశంలో ఒంటరిగా వేలాడుతోంది. అగ్నిపర్వతం చందమామను వదిలేసి ఎలా నిలబడిందో నాకు తెలియలేదు. అది కెమెరాలోని మచ్చ అని మా అమ్మాయికి తెలిసింది.

"అయ్యో," అంది.

ఈసారి యకారం కింద వత్తు స్పష్టంగా వినిపించింది.

ప్రొఫెసరుకు చూపించాల్సిన వాటిలోంచి చుక్క ఉన్న పేజీలు తీసేసింది. చల్లారిన టీ తాగింది. పక్క కుర్చీ నా వైపు లాగింది.

"కూర్చో నాన్నా. మిగతావన్నీ కూడా డౌట్ చెయ్యి."