ఆ కరపత్రానికి నా తెలుగు

ఆ రోజుల్లో కోపం నా ముక్కు మీదే ఉండేది, ధైర్యం మాత్రం ఎక్కడుండేదో నాకే తెలియదు. ఇంగ్లండులోని న్యూకాసిల్‌లో కొత్తగా చేరిన జూనియర్ డాక్టర్ని. నా పైన ఉన్న పెద్ద డాక్టరు మన తెనాలి వైపు మనిషే. ఒక్క పెట్టెతో ఈ దేశంలో దిగానని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేవాడు కాబట్టి మేము చాటుగా ‘ఒంటిపెట్టె’ అనుకునేవాళ్ళం. ఏళ్ళ తరబడి గుండెజబ్బులు చూసిన ఆ మహానుభావుడికి ఉన్నట్టుండి ప్రజాసేవ మీద మనసైంది. కన్సర్వేటివ్‌లు, అంటే సంప్రదాయవాదుల పార్టీ తరఫున ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడ్డాడు. (సంప్రదాయమంటే మడీ తడీ కాబోలనుకుని మా వీధిలో ఆంటీ ఒకావిడ తెగ సంబరపడింది.)

"ఏమ్మా, నీ తెలుగు బావుంటుందటగా? మనవాళ్ళ కోసం ఈ లీఫ్‌లెట్ తెలుగులోకి మార్చిపెట్టు. ఆదివారానికి కావాలి," అన్నాడొకరోజు. నా శిక్షణ ఫారం ఆయన బల్ల మీదే ఉంది. దాని మీద ఆయన సంతకం పడితేనే నాకు ఉద్యోగం, ఉద్యోగముంటేనే వీసా. "అలాగే సర్," అన్నాను. డ్యూటీల రోటాలో ఆ వారం నాకున్న ఒకే ఒక్క సెలవు అలా పోయింది.

ఇంటికెళ్ళి చదివితే ఒళ్ళు మండిపోయింది. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళ మీద బాధ్యతగల అదుపు, స్థానికులకు ప్రాధాన్యం అంటూ ఇంగ్లీషులో ఎంతో మర్యాదగా ఉంది. (చెత్తడబ్బాల సంగతి చూడాల్సిన కౌన్సిల్‌కి వీసాలతో ఏం పని?) ఒక్క పెట్టెతో దిగినవాడు రెండో పెట్టెను దిగనివ్వనంటున్నాడు! అంత మర్యాద నా తెలుగులో పలకలేదు. "నేను వచ్చేశాను. ఇక నా వెనక ఎవరూ రాకూడదు" అని రాసి, కోపం చల్లారకముందే పంపేశాను. ఆయన తెలుగు చదవడం మానేసి చాలా కాలమైంది. చూడకుండానే అచ్చు వేయించాడు.

ఆదివారం కమ్యూనిటీ హాల్లో సమోసాలతో పాటు ఆ కాగితాలూ పంచారు. మా వీధి ఆంటీ కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. "అదేంటండీ డాక్టరుగారూ! మా మేనకోడలు సెప్టెంబర్లో చదువుకొస్తోంది, దాన్ని రావద్దంటారా? మీరొచ్చేశారు కదాని తలుపేసేస్తారా?" హాలంతా గోల. ఆయన మొహం కందగడ్డలా అయింది. నన్ను పక్క గదిలోకి పిలిచి, "ఏంటమ్మా ఇది? నేనిలా అన్నానా?" అని అరిచాడు.

అప్పుడు నేనేమన్నానో ఇన్నేళ్ళలో చాలామందికి చెప్పాను. "మీరన్నదే సర్, కాస్త సూటిగా రాశానంతే" అన్నాననీ, ఆయన తల దించుకున్నాడనీ. అదంతా అబద్ధం. నేనన్నది, "సారీ సర్, అచ్చుతప్పు." రెండు వాక్యాల పొడుగు అచ్చుతప్పు! ఆయన నమ్మలేదు. "దిద్ది తీసుకురా, తర్వాత నీ ఫారం సంగతి చూద్దాం," అన్నాడు. ఆ పూటే కూర్చుని, అర్థం అదే ఉంచి మాటలు దిద్దాను. ఎంత నున్నగా కుదిరిందంటే, కొత్త కాగితం చదివి ఆ ఆంటీయే "ఇప్పుడు బావుందమ్మా" అంది. ఆయన గెలిచాడు. నా ఫారం మీద సంతకం పడింది.

ఆయన్ని తలుచుకుంటే ఇప్పటికీ పళ్ళు నూరుకుంటాను. నన్ను తలుచుకుంటే ఇంకా ఎక్కువ. ఆ తర్వాత కాసేపటికి నవ్వొస్తుంది. పాపం, అప్పటి ఆ జూనియర్ డాక్టరు పిల్ల తన జన్మలో రాసిన అతి చక్కని తెలుగు వాక్యం, తనలాంటి వాళ్ళను రావద్దని చెప్పడానికే రాసింది.