లింగవ్వ చదివిన రెండో భాగం

పేజీ తిప్పుతుంటే బొటనవేలి మీది కాయ కాగితానికి గరగరా తగిలింది. బీడీల కత్తెర పట్టి పట్టి కాసిన కాయ అది. కత్తెర వదిలి ఎన్నేళ్లయినా అది నన్ను వదల్లేదు. కామారెడ్డిలో మా కొడుకు ఇంటి అరుగు మీద కూర్చుని, మనవరాలు శ్రావ్య తెచ్చిన ప్రేమకథ రెండో భాగం మళ్లీ తిరగేస్తున్నాను. కొత్త పుస్తకం పాడవుతుందని పాత పేపరుతో అట్ట కూడా వేశాను. ఇప్పుడు ఆ పేపరు దండగైందని నా మీద నాకే కోపంగా ఉంది.

మొదటి భాగం బాగుంది, అబద్ధమెందుకు. ఇంటర్ చదివే పిల్ల, ఆమె వెంటపడిన పిల్లవాడు. దోస్తులతో పందెం కాసి ప్రేమ నటించాడని తెలిసిన రోజు ఆ పిల్ల బస్సెక్కి, వెనక్కి చూడకుండా నర్సింగు చదువుకు వెళ్లిపోతుంది. కథ అక్కడితో అయిపోయింది. అయిపోయిన కథకు ఇంకో పుస్తకం ఎందుకు? కొనేవాళ్లున్నారు గనుక! ఈ రెండో దాంట్లో పిల్లవాడు మంచివాడైపోయాడట. ఆ పిల్ల నర్సింగు సీటు వదిలేసి వచ్చి, నిన్ను అర్థం చేసుకోలేకపోయానని వాడికే క్షమాపణ చెప్తుంది. తప్పు చేసింది వాడు, చేతులు జోడించింది ఈమె! మధ్యలో ఒకచోట, ఆమె తండ్రి దవాఖానలో ఉంటే, వాడు ఎవరికీ చెప్పకుండా రోజూ అన్నం డబ్బా తెచ్చి వార్డు బయట పెట్టి పోతాడు. అది చదివినప్పుడు నా కళ్లు తడిశాయి. తడిసినందుకు కోపం ఇంకా పెరిగింది. అంత బాగా రాయగలిగిన చెయ్యి చివరికి ఆ పిల్ల తల ఎందుకు వంచినట్టు?

"ఎట్లుంది అవ్వా?" అని శ్రావ్య అడిగింది.

"మంచిగ ఏడిపిచ్చి, ఆఖరికి మోసం చేసింది."

"ప్రేమల గట్లనే ఉంటది అవ్వా. నీకు తెల్వది."

నాకు తెలియదట! ఎల్లారెడ్డిలో లింగవ్వ పక్కన కూర్చుని చదువు నేర్చినదాన్ని నేను.

లింగవ్వ మా పక్కింటామె, నాకంటే పదేళ్లు పెద్ద. ఏడో తరగతి దాకా చదివింది. మా వాడలో అంత చదివిన ఆడది లేదు. నన్నైతే మూడో తరగతిలోనే బడి మాన్పించి బీడీల చాట ఒళ్లో పెట్టారు. పొద్దున పనులయ్యాక ఏడెనిమిది మందిమి ఆమె ఇంటి ముందు కూర్చుని బీడీలు చుట్టేవాళ్లం. తడిపిన తునికాకు వాసన, తంబాకు ఘాటు, మధ్యలో లింగవ్వ గొంతు. బస్టాండు దగ్గరి దుకాణం నుంచి నవలలు కిరాయికి తెచ్చి మాకు చదివి వినిపించేది. చదివేవాళ్ల చేతులు బీడీ చుట్టలేవు కదా, అందుకని సాయంత్రం కార్ఖానాకు పోయే ముందు తలా ఒక కట్ట ఆమె చాటలో వేసేవాళ్లం. అది మా రివాజు. ఎవరైనా తంబాకు తక్కువ పెట్టి చుట్టిన కట్ట వేశారో, మర్నాడు సరిగ్గా పెళ్లిచూపుల దగ్గర కథ ఆపేసేది. "సన్న బీడీలకు సన్న కథనే," అనేది.

నేను ఆమెను ఆనుకుని కూర్చునేదాన్ని. ఆమె తనకు అవసరం లేకపోయినా చదివే వరుస కింద వేలు జరుపుతూ పోయేది. అది నా కోసమని చాలా రోజులకు గాని తెలియలేదు. ఆ వేలి వెంట పోయి పోయి, మరిచిన అక్షరాలన్నీ మళ్లీ పట్టుకున్నాను.

నాకు పద్దెనిమిది నిండాక మాచారెడ్డి సంబంధం వచ్చింది. పెళ్లిచూపుల్లో చాయ్ ఒలికిందని ఆ పిల్లవాడు కన్నతల్లి మీదికే చెయ్యెత్తాడు. ఆమె అలవాటున్నదానిలా తల పక్కకు తిప్పుకుంది. మా బాపు చూడనట్టే ఊరుకున్నాడు. వాళ్లకు నీళ్లు పారే తరి పొలం రెండెకరాలు ఉంది మరి.

ఆ రోజుల్లోనే లింగవ్వ రెండు భాగాల నవల ఒకటి చదువుతోంది. అందులో సరోజ అనే పిల్లను, ప్రేమించినవాడే నలుగురిలో చెంప మీద కొడతాడు. రెండో భాగం ముగిసే రోజు లింగవ్వ వేలు జరపలేదు. పుస్తకం ముఖానికి దగ్గరగా ఎత్తిపట్టి చదివింది. సరోజ వాడి ఉత్తరాలు వాడి చేతిలోనే పెట్టి, కుట్టు మిషను కొనుక్కుని దుకాణం పెట్టుకుందట. అందరం చప్పట్లు కొట్టాం. నేను నేరుగా ఇంటికి పోయి, "బాపూ, నాకు ఆ సంబంధం వద్దు," అన్నాను.

"ఎందుకే? ఏం తక్కువైంది?"

"వాళ్లమ్మ తల తిప్పుకున్నది నువ్వు సూడలేదా?"

బాపు మూడు రోజులు కోపంగా తిరిగాడు. నాలుగో రోజు వద్దని కబురు పంపాడు.

ఆ సంతోషంలో ఆ పుస్తకం నేనే సొంతంగా చదవాలనిపించింది. కిరాయికి తెచ్చుకుని కూడబలుక్కుంటూ చదివాను. చివరి పేజీలో సరోజ వాడి కాళ్ల మీద పడి ఏడుస్తోంది. కుట్టు మిషను ఎక్కడా లేదు.

పుస్తకం పట్టుకుని లింగవ్వ ఇంటికి ఉరికాను. "అబద్ధం చదివినవ్ అక్కా! నీ మాట నమ్మి సంబంధం వద్దన్న!"

లింగవ్వ ఆకు కత్తిరిస్తూనే ఉంది. "పుస్తకం మాట నమ్మి చేసుకుందువా మరి?"

"అది వేరే ముచ్చట. ఉన్నది ఉన్నట్టు చదవాలె గదా!"

"చదువుదామనే మొదలుపెట్టిన. నోరు రాలె." అప్పుడు తలెత్తి నవ్వింది. "మొత్తం నువ్వే చదివినవా? ఎన్ని రోజులు పట్టింది?"

"పదకొండు."

"మంచిదాయె. ఇగ నిన్ను ఎవ్వరు మోసం చెయ్యలేరు. నేను గూడ."

నెల రోజులు ఆమెతో మాట్లాడలేదు. దూరంగా కూర్చున్నాను. ఆమె చాటలో నా కట్ట వేయలేదు. ఆ నెలంతా లింగవ్వ పక్కన నా చోటు ఖాళీగానే ఉంచి, పుస్తకం అటే వంచి, వేలు జరుపుతూ చదివింది. తర్వాత వెళ్లి కూర్చున్నాను గాని ఆ నెల కట్టలు మాత్రం ఇవ్వలేదు. పిసినారితనంతో కాదు, ఇస్తే తప్పు నాదని ఒప్పుకున్నట్టవుతుందని. లింగవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆ అబద్ధానికి ఆమెను నేటికీ క్షమించలేదు. ఆ అబద్ధమే లేకపోతే నేనూ మాచారెడ్డిలో తల తిప్పుకుంటూ బతికేదాన్ని.

ఇప్పుడు మా పక్కింటి వాకిట్లో నలుగురు బీడీలు చుడతారు. వాళ్లకు మొదటి భాగం నేనే చదివి వినిపించాను. ఆ నలుగురిలో మమత అనే పిల్లకు బీర్కూరు సంబంధం కుదిరింది. ఫోన్ ఎత్తడం కాస్త ఆలస్యమైతే చాలు, ఆ పెళ్లికొడుకు తిట్టే తిట్లు పక్కన కూర్చున్న మాకూ వినిపిస్తాయి. ఈ పిల్ల మాత్రం "తప్పు నాదే," అని బతిమాలుతుంది.

ఈ రెండో భాగం కూడా వాళ్లకు చదువుతూ, నిన్న చివరి పేజీ దగ్గరికి వచ్చేసరికి సరోజ కుట్టు మిషను నా నాలుక మీదికి వచ్చేసింది. మింగేశాను. ఉన్నది ఉన్నట్టే చదివాను.

"పోనీతీ, ఆఖరికి మంచిగనే అయింది," అంది మమత.

"ఎవరికైందే మంచిగ? ఇది రాసినోళ్ల మాట. ఒక్క అక్షరం మార్చలె. ఇప్పుడు నా మాట వినుండ్రి," అని మాచారెడ్డి చాయ్ సంగతి, ఆ తల్లి తల తిప్పుకున్న సంగతి, లింగవ్వ సంగతి అన్నీ చెప్పాను. మమత కత్తెర ఆగిపోయింది.

"అవ్వా, ఆ పిల్ల మాఫీ అడిగేకాడ మల్లొకపారి చదువు."

"నువ్వే చదువు," అని పుస్తకం ఆమె వైపు వంచి, వరుస కింద వేలు పెట్టాను. అంతలో ఆమె ఒళ్లో ఫోన్ మోగింది. మోగి, ఆగి, మళ్లీ మోగింది. మమత దాన్ని చాట కిందికి తోసి చదువుతూనే ఉంది. నా వేలు జరుగుతూ పోయింది, కాయ కాగితానికి గరగరా తగులుతూ.