పెద్ద టైర్ల లారీ

తమిళనాడులోని కంబం చుట్టుపక్కల తిరుమలసామి లారీ తెలియని తోట లేదు. కొండమీది ఏలకుల తోటలకు పేడ ఎరువు, వేపపిండి మూటలు చేరవేయడం ఆయన పని. పక్క సీట్లో ఎప్పుడూ భార్య కనకమే. పెళ్లైన కొత్తలో కొండ చూస్తానని ఒకసారి ఎక్కిన మనిషి ఇక దిగలేదు. మలుపులో బండి ఆగితే చటుక్కున కిందికి దూకి వెనక చక్రం కింద చెక్కదిమ్మ తోసేది. ఆ చప్పుడు చెవిన పడ్డాకే ఆయన బ్రేకు మీద కాలు సడలించేవాడు. వాళ్లిద్దరి కాపురం సగం ఆ లారీలోనే గడిచింది.

ఆ ఏడు వానలకు పై తోట దారి కోసుకుపోయి రాళ్లు తేలాయి. వెనక ఇరుసు నడుమ ఉబ్బెత్తుగా ఉండే గేరు పెట్టె ప్రతి రాయికీ కొట్టుకునేది. ఒకరోజు అది పగిలి నూనె మొత్తం దారిలోనే కారిపోయింది. "బండి ఎత్తు పెంచుకో, లేకుంటే లోడు ఇంకొకరికి ఇస్తా" అన్నాడు తోట మేనేజరు.

తిరుమలసామి తేని ఊళ్లో మెకానిక్ యేసుదాస్ షెడ్డుకు వెళ్లాడు. పెద్ద టైర్లు వేస్తే ఎత్తు వస్తుంది, కానీ బండి ఏటవాలులో లాగదని యేసుదాస్ తమిళంలో నచ్చజెప్పాడు. చక్రం పెద్దదైతే దాన్ని తిప్పడానికి ఇంజిను ఎక్కువ కష్టపడాలి. ఇరుసు లోపలి జత గేర్లు కూడా మార్చాలి. షెడ్లలో ఆ జతను క్రౌన్ పినియన్ అంటారు. ఈ పాత మోడలుకు కావలసిన జత రావడం ఎప్పుడో ఆగిపోయింది.

"వేండామ్ణే, వద్దన్నా" అన్నాడు యేసుదాస్ చివరికి, చేతులు తుడుచుకుంటూ.

తిరుమలసామి భార్య వైపు చూశాడు.

"ఏమి చేసేది మామా? తోట పోతే మనకు వేరే ఏమి ఉండాది?" అంది కనకం.

"టైరు వేసేస్తాము. గేరు దొరికినప్పుడు మారుస్తాము" అన్నాడాయన.

పాత టైర్లు షాపువాడికే ఇచ్చేసి కొత్తవి వేయించుకున్నారు. ఖాళీ బండి జోరుగా కొండెక్కింది. రాళ్ల మీద ఇరుసు ఎక్కడా తగల్లేదు. కనకం తల బయటపెట్టి చూసి చిన్నపిల్లలా నవ్వింది. ఆయనకూ ధైర్యం వచ్చేసింది.

మరునాడు నిండా మూటలతో బయలుదేరారు. మొదటి మలుపులు ఎలాగో గడిచాయి. నిటారుగా లేచే మలుపులో ఇంజిను గొంతు పట్టేసినట్టు మూలిగింది. మొదటి గేరులోనూ బండి కదల్లేదు. క్లచ్చు కమురు వాసన కొట్టింది. ఇంజిను ఆగిపోయింది. కనకం అప్పటికే దిగింది. దిమ్మ పడిన చప్పుడు విని ఆయన అలవాటుగా కాలు సడలించాడు.

బండి ఆగలేదు, వెనక్కి జారింది. పాత చక్రాలకు సరిపోయిన దిమ్మ ఈ చక్రాలకు చాలలేదు. టైరు దాని మీదికెక్కి దాటిపోయింది. ఆయన బ్రేకు తొక్కాడు. పెద్ద చక్రాల మీద అంత బరువును అదీ వెంటనే పట్టలేదు. వెనక కనకం ఎక్కడుందో అద్దంలో కనిపించలేదు. ఏ పక్కకు తిప్పాలో తెలియలేదు. "కనకం! కనకం!" అని అరుస్తూనే కొండ వైపుకు తిప్పేశాడు. లారీ వెళ్లి మట్టిగోడకు గుద్దుకుని నిలబడింది.

పక్కకు దూకి తప్పుకున్న కనకం బండి ముందువైపు నుంచి వచ్చింది. మోచేతులు చెక్కుకుపోయాయి. "నేను ఉండాను మామా, ఉండాను" అంది. ఆయన స్టీరింగు వదల్లేకపోయాడు. ఆమే వేళ్లు ఒక్కొక్కటీ ఊడదీసింది.

తర్వాత గేర్ల కోసం తిరగని చోటు లేదు. మదురై పాత ఇనుము అంగళ్లలో దొరికిన జతకు పళ్లు అరిగిపోయాయి. చివరికి కోయంబత్తూరు వెళ్లారు. సింగానల్లూరులో కనకం తమ్ముడు కృష్ణస్వామికి లేతు వర్క్‌షాపు ఉంది. అతను ఆ అరిగిన జతను అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావా, ఇది నా లేతులో వచ్చేది కాదు. రెండూ ఒకదానికొకటి సరిగ్గా కూసోవాల. బలవంతానికి చేసిస్తినంటే నడి కొండలో విరుగుతాది. ఆ బండిలో మా అక్క ఉండాది."

తిరుమలసామి ఆ జతను మళ్లీ గోనెలో చుట్టుకున్నాడు. పాత కొలత టైర్లే మళ్లీ వేద్దామంటే ఇరుసు రాళ్లకు తగులుతుంది. ఇవే ఉంచితే కొండ ఎక్కదు. ఎటు ఆలోచించినా అక్కడికే వచ్చి ఆగిపోయేవాడు. ఈలోగా మేనేజరు ట్రాక్టరును మాట్లాడుకున్నాడు.

ఇప్పుడాయన కంబం నుంచి తేని మార్కెట్టుకు అరటిగెలలు తోలుతున్నాడు. చదును దారిలో లారీకి ఏ ఇబ్బందీ లేదు. పక్క సీటు మాత్రం ఖాళీ.

"చదునులో నేను కూసోని ఏమి చేసేది? నిద్రపోయేదా?" అని కనకం ఏలకులు కోసే ఆడవాళ్లతో కలిసి జీపులో కొండకు పోవడం మొదలుపెట్టింది.

ఆ జీపుల్లో మనుషుల్ని ఎలా కుక్కుతారో, ఏ వేగంతో మలుపులు తిప్పుతారో ఆయనకు తెలుసు. వద్దని ఒకసారి నోటిదాకా వచ్చింది. వద్దంటే తర్వాత ఏం చెప్పాలో తోచక మింగేశాడు.

మొన్నొక పొద్దున కొండదారి మొదట్లో ఆ జీపు ఎదురైంది. లారీ ఓరగా ఆపి చూశాడు. తలగుడ్డలు చుట్టుకున్న అంతమందిలో కనకం ఎవరో పోల్చుకోలేకపోయాడు. "మెల్లిగా పొమ్మను!" అని అరిచాడు. జీపు అప్పటికే మలుపు తిరిగింది. వెనక బస్సువాడు హారను మోగిస్తుంటే గేరు వేసి తేని వైపు కదిలాడు.