మామిడిపండ్ల సంతకం

పెంచలయ్య గదికి మెట్లు పదిహేడు. పైకి వస్తున్న అడుగులేవో, కింద బియ్యం దుకాణానికి వచ్చి తిరిగిపోయే అడుగులేవో ఆయన కుర్చీలోంచి లేవకుండానే చెప్పగలడు. ఆరేళ్ళు ఒంటరిగా బతికిన చెవులకు అబ్బిన విద్య అది. పైకి వచ్చే అడుగులు బహు తక్కువ కాబట్టి ఆ విద్యకు పెద్ద పని కూడా ఉండేది కాదు.

భార్య సుందరలక్ష్మి పోయాక రాజంపేటలో కాపురం ఎత్తేసి కడప చేరాడు. కాలేజీలో కామర్సు లెక్చరరు. పాఠం బాగా చెబుతాడని పేరే గాని, గంట కొట్టాక ఆయన దగ్గర నిలబడేవాళ్ళు లేరు. నిలబడితే కంపెనీ చట్టం ఎత్తుకుంటాడని భయం. వేసవి సెలవుల్లో తోటివాళ్ళంతా పెళ్ళిళ్ళకూ తిరునాళ్ళకూ పోతే, ఈయన రేకుల కప్పు కింద నెత్తిన తడిగుడ్డ వేసుకుని పరిశోధన రాసుకునేవాడు.

ఆ పరిశోధన ఏమిటో చెప్పాలి, లేకపోతే ఈ మనిషి అర్థం కాడు. పదిమంది డబ్బు పోసి పెట్టిన కంపెనీలో ఆ పదిమందికీ ఓటు ఉంటుంది. ఏడాదికోసారి సభ జరుగుతుంది. పల్లెల్లో వాటాలు కొన్న మామూలు జనం ఆ ఓటును ఏం చేసుకుంటున్నారు? అదీ ఆయన ప్రశ్న. 1954లో మద్రాసులో ఒక ప్రొఫెసరు దగ్గర డాక్టరేటుకు పేరు రాయించుకుని, ఆ ఒక్క ప్రశ్నను పట్టుకుని మూడేళ్ళు వేలాడాడు.

"ఓటు సంగతి ఎవురికి కావాలప్పా! శెనక్కాయల ధర సంగతి ఏమన్నా తేల్చు, పుణ్యముంటాది" అని స్టాఫ్ రూములో ఎగతాళి చేసేవారు. పెంచలయ్య నవ్వేవాడు. ఎగతాళికైనా తనతో మాట్లాడారు కదా అని ఆయనకు లోపల సంతోషమే.

పరిశీలనకు పాపాఘ్ని ఆయిల్ మిల్లు కంపెనీని తీసుకున్నాడు. స్వాతంత్ర్యానికి ముందటి ఏడాది కడప, కర్నూలు జిల్లాల రైతులు తలా రెండూ మూడూ వాటాలు కొంటే లేచిన మిల్లు అది. తండ్రి కొన్న ఐదు వాటాలు పెంచలయ్య పేరిటికి వచ్చాయి. కంపెనీని నడిపే మేనేజింగ్ ఏజెంటు కేశవయ్య శెట్టి. డబ్బు మూడు వందల ఇళ్ళది, పెత్తనం ఒక్క ఇంటిది. ఏటా సభకు వచ్చేది ఆ ఇంటివాళ్ళు ఆరుగురే అయినా, మినిట్సు పుస్తకంలో ప్రతి తీర్మానం వెనకా రెండు వందల డెబ్బై మంది ఓటు ఉంటుంది. అవన్నీ ప్రాక్సీలు. ప్రాక్సీ అంటే బ్రహ్మవిద్య ఏమీ కాదు. 'నేను రాలేను, నా బదులు ఫలానా ఆయన ఓటు వేస్తాడు' అని వాటాదారు సంతకం పెట్టి ఇచ్చే కాగితం.

మరి అంతమంది ఆ సంతకాలు ఎప్పుడు పెట్టారు? అది కనుక్కోవడానికి ప్రశ్నల పట్టీ ఒకటి తయారుచేసుకుని, వాటాదార్ల జాబితా సంచిలో వేసుకుని, రెండు జిల్లాల్లో ముప్పై ఏడు ఇళ్ళు తిరిగాడు. బస్సు దిగిన చోటినుంచి రెండు మూడు మైళ్ళు నడక. అడిగిన ప్రతి ఇంట్లోనూ ఒకటే జవాబు. ప్రాక్సీ అన్న మాటే తాము వినలేదన్నారు.

చాగలమర్రి దాటాక, అహోబిలం పోయే దారిలో ఒక పల్లెలో ఓబులమ్మ ఉంటుంది. అరవై దాటిన మనిషి. మొగుడు పోతూ పోతూ రెండు వాటాలు మిగిల్చాడు గాని పిల్లలు లేరు. పెంచలయ్యను చూడగానే మంచం వాల్చింది.

"ప్రాక్సీనా? అదేందప్పా? కంపెనీకి నేను ఏ కాగితమూ ఇయ్యలే" అంది.

"సభ జరుగుతాదని అయినా ఎవరన్నా చెప్పినారా?"

"సభా లేదు, గిభా లేదు. ఏడాదికోసారి గిడ్డయ్య వస్తాడు, గంపెడు బనగానపల్లె పండ్లు పెట్టిపోతాడు. నువ్వు కూచ్చున్నావే, ఆ మంచం మీదనే కూచ్చొని, ఎట్లుండావమ్మా, మోకాళ్ళు ఎట్లుండాయి అంటాడు. శానా మంచోడు. నువ్వు మజ్జిగ తాగప్పా, ఎండన పడి వచ్చినావు."

పెంచలయ్య మజ్జిగ తాగాడు. పట్టీలో 'ప్రాక్సీ ఇవ్వలేదు' అని రాసుకున్నాడు. గిడ్డయ్య గురించి ఏమీ రాసుకోలేదు. ఆయన పట్టీలో మామిడిపండ్లకు గడి లేదు. ముప్పై ఏడు ఇళ్ళలో కనీసం ముప్పై ఇళ్ళవాళ్ళు ఆ పండ్ల మాట ఎత్తారు. చదువుకున్న వాడు కాబట్టి, అడగని దానికి చెప్పిన జవాబును ఆయన చెవిన వేసుకోలేదు.

అసలు గిడ్డయ్య ఆయనకు తెలియనివాడు కాదు. కంపెనీ బంట్రోతు. వేసవి మొత్తంలో ఆ పదిహేడు మెట్లూ ఎక్కి వచ్చేది అతనొక్కడే. మే నెల రాగానే పెంచలయ్య చెవులు మెట్ల మీదే ఉండేవి. గిడ్డయ్య ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు కాబట్టి మూడో మెట్టుకే ఆనవాలు దొరికేది. దొరికిన మరుక్షణం మన లెక్చరరు గారు లేచి కుండలో నీళ్ళు ముంచి, చాప దులిపి పరిచేవాడు. ఆ తర్వాత, ఏమీ ఎరగనట్టు పుస్తకం ముందేసుకుని కూర్చునేవాడు.

1957 మే నెలలోనూ గిడ్డయ్య అలాగే వచ్చాడు. గంప దించి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"బాగుండారా సామీ? చిక్కిపోయినట్టుండారే. వంట మీరే చేసుకుంటాండారా ఇంకా?"

"చేసుకుంటున్నా గిడ్డయ్యా. కూర్చో, కూర్చో. నీ కాలు ఎట్లా ఉంది?"

"అట్లే ఉండాది సామీ, నేను పోయినంక గాని అది పోదు."

గంటసేపు మాట్లాడుకున్నారు. రాజంపేట వానల గురించి, గిడ్డయ్య కూతురి కాన్పు గురించి, రాజంపేట ఇంట్లో అతను తిన్న సుందరలక్ష్మి ఉలవచారు గురించి. ఆమె పేరు ఇంకొకరి నోట వినడం పెంచలయ్యకు ఏడాదిలో ఆ ఒక్కరోజే జరిగేది. లేచేముందు గిడ్డయ్య జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీశాడు. పైకి రెవెన్యూ స్టాంపూ, కింద కాస్త ఖాళీ మాత్రమే కనబడుతున్నాయి.

"పండ్లు ముట్టినట్టు ఒక సంతకం పెట్టండి సామీ. అది చూపిస్తేనే నాకు బస్సు చార్జీ ఇస్తారు."

అతన్ని ఇంకో పది నిమిషాలు ఎలా కూర్చోబెట్టాలా అని ఆలోచిస్తూ పెంచలయ్య సంతకం పెట్టేశాడు.

అప్పటికి ఆయన పరిశోధనలో ఆరో అధ్యాయం పూర్తయింది. ఆయన మూడేళ్ళ కష్టమంతా ఆ అధ్యాయంలోనే ఉంది. వాటాదార్లు సంతకాలు పెట్టలేదు, సంతకాలు మాత్రం ఉన్నాయి, కాబట్టి అవి దొంగ సంతకాలు అని తేల్చేశాడు. మద్రాసు ప్రొఫెసరు చదివి పొంగిపోయి ఉత్తరం రాశాడు. 'రుజువు ఒక్కటి చూపించండి. డిగ్రీ సరే, మీ పుస్తకం ప్రభుత్వం బల్ల మీదికి వెళుతుంది' అన్నాడు. ఆ ఉత్తరాన్ని పెంచలయ్య దిండు కింద పెట్టుకున్నాడు. ఒక మనిషి తనను అంతగా మెచ్చుకుని చాలా కాలమైంది.

రుజువుకు దారి కూడా దొరికింది. నిరుడు అమల్లోకి వచ్చిన కొత్త కంపెనీ చట్టం ప్రకారం, మూడు రోజుల ముందు రాసి ఇస్తే, సభకు ముందు రోజు వాటాదారు ఎవరైనా వెళ్ళి ప్రాక్సీ కాగితాలు చూడవచ్చు. ఆ ఏటి సభలో రైలుకట్ట పక్కనున్న మిల్లు స్థలాన్ని కేశవయ్య బావమరిదికి అమ్మే తీర్మానం కూడా ఉంది. పెంచలయ్య నోటీసు రాసి ఇచ్చాడు. తను కలిసిన ముప్పై ఏడుగురికీ, సభకు స్వయంగా రమ్మని కార్డు ముక్కలు రాశాడు.

ఉతికిన పంచె కట్టుకుని మిల్లు ఆఫీసుకు వెళితే కేశవయ్య ఎదురొచ్చి కుర్చీ వేయించాడు. ఇద్దరు గుమాస్తాలు కాగితాల కట్టలు తెచ్చి బల్ల మీద పెట్టారు. తలుపు దగ్గర గిడ్డయ్య నిలబడి ఉన్నాడు. 'మా సామి వచ్చినాడు' అన్న సంతోషం అతని ముఖంలో దాగలేదు.

పెంచలయ్య కట్ట విప్పాడు. ఒక్కొక్క కాగితం మీదా నాలుగు మడతల గుర్తులు. స్టాంపు, దాని కింద వేలిముద్ర. ఓబులమ్మది కనబడింది. పక్కన ఊరి పేరు. ఇంకో పదో పదిహేనో తిప్పాక ఆయన చెయ్యి ఆగిపోయింది. మడత విప్పిన కాగితం నిండా ఇంగ్లీషు అచ్చు, తన ఓటును కేశవయ్యకు ఇస్తున్నట్టు. దాని కింద తన సంతకం. చివరి అక్షరం తోక పైకి తిప్పడం చిన్నప్పుడు తండ్రి నేర్పిన అలవాటు. ఏ దొంగా అంత బాగా తిప్పలేడు.

కేశవయ్య కూడా చూశాడు. గొంతు తగ్గించి, "అది మీ సంతకమే కదా అయ్యవారూ?" అన్నాడు.

కాదు అంటే చాలు. ఆ రెండక్షరాలతో ఆరో అధ్యాయం నిలబడుతుంది. లెక్చరరు సంతకాన్నే దొంగతనంగా వేశారంటే కర్నూలు, మద్రాసు అన్నీ వింటాయి, స్థలం అమ్మకం ఆగిపోతుంది, ప్రొఫెసరు ఇంకో ఉత్తరం రాస్తాడు. పెంచలయ్యకు ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. మంచివాడే గాని, ఆశ లేనివాడు కాదు. తల ఎత్తితే తలుపు దగ్గర గిడ్డయ్య. ఆ కాగితం తెచ్చింది అతను. సంతకం దొంగది అంటే ముందు సంకెళ్ళు పడేది అతనికి. అది పండ్ల రశీదు కాదని పాపం అతనికీ తెలియదు.

"నాదే" అన్నాడు పెంచలయ్య.

మర్నాడు సభకు ఆయన రాసిన ముప్పై ఏడుగురిలో ఒక్కరూ రాలేదు. కొందరికి కార్డు అందలేదు, అందినవాళ్ళకు దాన్ని చదివిపెట్టేవాళ్ళు లేరు. ఆయన తన ప్రాక్సీని రద్దు చేసుకుని అమ్మకం వద్దంటూ చెయ్యెత్తాడు. ఆ హాలులో ఎత్తిన చెయ్యి అదొక్కటే. చెయ్యి దించాక ఎక్కడ పెట్టుకోవాలో తోచక పంచె కుచ్చిళ్ళు సవరించుకున్నాడు.

ఇంటికొచ్చి ఆరో అధ్యాయం చింపేసి మళ్ళీ రాశాడు. ముప్పై ఏడుగురి పట్టిక కింద ముప్పై ఎనిమిదో పేరు చేర్చాడు. వృత్తి, కామర్సు లెక్చరరు. చదువు, ఎం.కాం. కాగితం చదివారా? లేదు. ఎందుకు సంతకం పెట్టారు? ఆ గడిలో 'మనిషి వచ్చాడు గనక' అని రాశాడు.

ప్రొఫెసరుకు ఒళ్ళు మండింది. ఆ పేరు తీసేస్తేనే ముందుకు పంపుతానన్నాడు. తీసేస్తే పట్టికలో మిగిలేది చదువురాని పల్లెటూరి జనం మాత్రమే, తప్పంతా వాళ్ళదే అవుతుంది. పెంచలయ్య తీయలేదు. మూడేళ్ళ కాగితాలు ట్రంకుపెట్టెలోకి వెళ్ళాయి. డిగ్రీ రాలేదు. బాధపడ్డాడా అంటే, చాలా బాధపడ్డాడు.

కేశవయ్య తెలివైనవాడు, గొడవ ఎందుకని మరుసటి ఏడాది పండ్లు మాన్పించి కాగితాలు పోస్టులో పంపాడు. సగం కూడా తిరిగి రాలేదు. ఆయనకు ఇంటివాళ్ళ ఓట్లే సరిపోయాయి. గిడ్డయ్యను మిల్లు గేటు దగ్గర వేశారు. 1958 మే నెలంతా పెంచలయ్య కుండలో నీళ్ళు నింపుకుని, మూడో మెట్టు మీద ఈడ్చే కాలు కోసం విన్నాడు. రాదని తెలుసు, అయినా విన్నాడు.

నెలాఖరున లేచి, బజారులో గంపెడు బనగానపల్లె పండ్లు కొని బస్సెక్కాడు. చాగలమర్రి దాటాక దిగి, గంప నెత్తిన పెట్టుకుని నడిచాడు. ఓబులమ్మ అరుగు మీద కూర్చుని ఉంది. గంపను చూసి లేవబోయింది, మోకాళ్ళు పట్టేసి మళ్ళీ కూర్చుంది.

"గిడ్డయ్య రాలేదేమప్పా? బాగుండాడా?"

"బాగున్నాడమ్మా. నీ మోకాళ్ళు ఎట్లుండాయి?"

అడిగినందుకే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కాసేపు మోకాళ్ళ కథంతా చెప్పి, చేతులు కొంగుకు తుడుచుకుని బొటనవేలు చాపింది.

"కాగితం యాడప్పా?"

"కాగితం లేదమ్మా. ఊరికే తెచ్చినా."

"ఊరికే నేనెట్ల తీసుకుంటా? నువ్వు నాకేమైతావని? గిడ్డయ్య ఎప్పుడూ ఊరికే ఇయ్యలే. కాగితం తీ, లేకుంటే గంప ఎత్తుకొని పో."

ఎంత చెప్పినా వినలేదు. చివరికి పెంచలయ్య సంచిలోంచి ప్రశ్నల పట్టీల పుస్తకం తీసి ఒక తెల్లకాగితం చింపాడు. ఆమె పొయ్యి దగ్గరికి కుంటుకుంటూ వెళ్ళి, కుండ మసి వేలికి అద్దుకుని వచ్చి, కాగితం మధ్యలో గట్టిగా ఒత్తింది. దాని మీద ఒక్క అక్షరం లేదు. ఆయన ఏం రాసుకున్నా చెల్లుతుంది.

పెంచలయ్యకు భయం వేసింది. "అమ్మా, దీంట్లో ఏముందని గాని, రేపు ఏం రాసుకుంటావని గాని ఒక్క మాట అడగవేమి?"

ఓబులమ్మ అప్పటికే గంపలోంచి ముగ్గిన పండు ఒకటి ఏరుతోంది. అది ఆయన చేతిలో పెట్టి, "అడిగేదేముందప్పా, వచ్చినావు గదా" అంది.