బుట్టలో మొదటి కుడుము

పరువు పోవడానికి పెద్ద కారణాలేమీ అక్కర్లేదండీ. అరచేయంత వెదురు బుట్ట, అందులో నాలుగు రొయ్యల కుడుములు, ఎదురుగా ఎనభై రెండేళ్ళ ముసలావిడ. ఈ మూడూ ఒకచోట కుదిరితే చాలు. నాకు కుదిరాయి. పరువుతోబాటు ఉద్యోగం కూడా ఊడే యోగం పట్టింది. మీరు తాపీగా కూర్చుని వినండి. ఆ వేళ నేనూ కూర్చునే ఉన్నాను, అదే కదా బాధ.

అప్పట్లో నేను ఆక్లాండ్‌లో ఒక కంపెనీకి ఐటీ సపోర్టు. అంటే, "ఆపేసి మళ్ళీ ఆన్ చేసి చూశారా?" అని అడిగి జీతం తీసుకునేవాణ్ణి. కాంట్రాక్టు నెలాఖరుకి అయిపోతోంది. నన్ను పర్మనెంట్ చేయాలో, సాగనంపాలో మా మేనేజరు గ్రేస్ సోమవారం తేల్చాలి. పర్మనెంటైతే వీసా, కాకపోతే విమానం.

ఆ శుక్రవారం గ్రేస్ నా సీటు దగ్గరికొచ్చింది. "ఆదివారం ఖాళీయేనా? మా పోపోతో యమ్‌చాకి వెళ్తున్నా, నువ్వూ రా" అంది. పోపో అంటే వాళ్ళ అమ్మమ్మ. యమ్‌చా అంటే టీ తాగుతూ, బుట్టలు బుట్టలుగా ఆవిరి కుడుములు తెప్పించుకుని, అందరూ పంచుకు తినే చైనా పలహారం.

మనురేవాలో మా ఫ్లాట్‌కి రాగానే సుధీర్‌కి చెప్పాను. సుధీర్ నా ఫ్లాట్‌మేటు. కడప వాడు. అడగని సలహాలిచ్చే కొలువులో వాడు ఎప్పుడో పర్మనెంటు.

"రేయ్, అది పలహారం కాదురా, ఇంటర్వ్యూ! తిండికాడే మనిషి బుద్ధి బయటపడేది. ఆబగా తిన్నావంటే అయిపోతావ్."

"మరేం చేయమంటావ్?"

"ఇంట్లో తినేసి పో."

అందుకని ఆదివారం పొద్దున రెండు ప్లేట్ల ఉప్మా లాగించి, త్రేన్చి, ఇంటర్వ్యూకి బయల్దేరాను.

హోటల్లోకి వెళ్ళి కూర్చున్నాకగానీ అసలు చిక్కు కనపడలేదు. గుండ్రటి బల్ల. మధ్యలో ఒకే బుట్ట. పోపో తన పుల్లలతో, అంటే చాప్‌స్టిక్స్‌తో, ఒక కుడుము తీసి, కొరికి, అవే పుల్లలు మళ్ళీ బుట్టలో పెట్టింది. గ్రేసూ అంతే.

ఎంగిలి!

మా అమ్మ సంగతి మీకు తెలీదు. నోట్లో పెట్టుకున్న చెంచా కూరగిన్నె వైపు తిరిగి చూసినా గిన్నె మార్చేసేది. ఆవిడ చేతిలో పెరిగిన నేను, మోటార్‌వే మీద వెళ్ళే కార్లో కూడా కోక్ సీసా ఎత్తి గొంతులో పోసుకుంటాను. చొక్కా తడుస్తుంది గానీ ఆచారం తడవదు. అలాంటివాడికి ఉమ్మడి బుట్టా?

బుర్ర పాదరసంలా పనిచేసింది. బుట్ట వచ్చి మూత తీయగానే, ఏ పుల్లా పడకముందే, నా వాటా నేను తీసేసుకుంటే? ఎంగిలీ లేదు, ఎవరికీ ఇబ్బందీ లేదు! పుల్లలతో అయితే ఆలస్యమని ఫోర్కు అడిగి తెప్పించుకున్నాను.

కుడుముల బుట్టలతో తోపుడు బండి మా బల్ల దగ్గరికి వచ్చింది. మూత తీశారు. ఆవిరింకా పైకి లేవలేదు, నా ఫోర్కు దిగిపోయింది. కుడుము నా ప్లేట్లో! అటునుంచి వస్తున్న పోపో పుల్లలు గాల్లోనే ఆగిపోయాయి, చేప తప్పిపోయిన కొంగ ముక్కులాగా.

"బాగా ఆకలిగా ఉన్నట్టుందే," అంది గ్రేస్.

"అబ్బే, లేదు లేదు," అన్నాను, రెండో బుట్టలో ఫోర్కు దించుతూ.

మూడో బుట్టా అంతే. నాలుగో బుట్టలో కోడికాళ్ళు, గోళ్ళు తీసినవి. వాటికి నేనే భయపడ్డాను గానీ, సిద్ధాంతం సిద్ధాంతమే. ఆకలి రుచెరగదంటారు, మడి మర్యాదెరగదు. ఐదో బుట్ట దగ్గర పోపో పుల్లలు ఎత్తనే లేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని నన్నే చూస్తోంది.

గ్రేస్ గొంతు తగ్గించింది. "కిరణ్, ఒక మాట. మాలో పెద్దవాళ్ళు ముందు తీసుకున్నాకే మిగతావాళ్ళం తీస్తాం."

ఆ మాటకొస్తే మాలోనూ అంతే! తాతయ్య విస్తట్లో పప్పు పడనిదే మా ఇంట్లో ఎవరూ ముద్ద కలపరు. నేను మాత్రం ఎనభై రెండేళ్ళ మనిషిని ఫోర్కుతో ఓవర్‌టేక్ చేస్తున్నాను, అదీ ఐదుసార్లు.

ఇప్పుడు ఏమని చెప్పాలి? 'మీ నోరు తగిలింది తినలేక' అనాలా? మేనేజరుతో? సోమవారానికి ముందు రోజు? ఎంగిలి పట్టింపు మనిషి అనిపించుకోవడం కన్నా తిండిపోతు అనిపించుకోవడమే మేలనిపించింది.

"సారీ గ్రేస్. నిజానికి... చాలా ఆకలి."

"ఎందుకు, పొద్దున ఏం తినలేదా?"

"లేదు."

"రాత్రి?"

"అబ్బే." అబద్ధం కూడా అంతే, ఒకటి తీస్తే బుట్టంతా కదులుతుంది.

గ్రేస్ మొహం మారింది. "ఆఖరిసారి ఎప్పుడు తిన్నావ్?"

"శుక్రవారం," అన్నాను. నోరు నాదే, మాట ఎవరిదో.

గ్రేస్ ఈ సంగతి వాళ్ళ భాషలో పోపోకి చెప్పింది. పోపో కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లేచి, నా పక్క కుర్చీలోకి వచ్చి కూర్చుంది. అంతకుముందు నోట్లో పెట్టుకున్న ఆ పుల్లలతోనే ఒక కుడుము పట్టి, నా గిన్నెలో పెట్టి, తల నిమిరింది.

ఏ ఎంగిలి నుంచి ఐదు బుట్టలు పారిపోయానో, ఆ ఎంగిలి అడ్రసు కనుక్కుని నా గిన్నెలోకే వచ్చింది.

తిన్నాను. మీ దగ్గర దాపరికమెందుకు, ఫోర్కుతో దోచినవాటి కన్నా అదే రుచిగా ఉంది. గిన్నె ఖాళీ అవగానే ఇంకొకటి పెట్టింది. పెట్టింది వదిలేయకూడదని మా అమ్మ నేర్పింది. గిన్నె ఖాళీగా ఉంచకూడదని పోపోకి వాళ్ళమ్మ నేర్పినట్టుంది. ఇద్దరు తల్లుల పెంపకానికీ మధ్య, ఉప్మా మీద కుడుములు పడి, నా పొట్ట నలిగిపోయింది. పదకొండో కుడుము దగ్గర బెల్టు వదులు చేశాను. పదమూడో దానికి ప్రాణం మీద ఆశ వదులుకున్నాను.

సోమవారం గ్రేస్ గదిలోకి పిలిచింది. విమానంలో కిటికీ సీటు అడగాలని అప్పటికే అనుకుంటున్నాను.

"చూడు కిరణ్, నిజం చెప్తాను. నీ పని ఇంకో మూడు నెలలు చూసి, అప్పుడు తేల్చుదామనుకున్నా."

"అర్థమైంది," అన్నాను.

"పోపో ఒప్పుకోలేదు. రెండు రోజులు పస్తున్న పిల్లాణ్ణి ఇంకా పరీక్ష పెడతావా, నీకు మనసుందా అని రాత్రంతా తిట్టింది." కాగితం నా ముందుకు తోసింది. "పర్మనెంట్. సంతకం పెట్టు. మధ్యాహ్నం అన్నం తిను."

చదివిన ఇంజినీరింగు కాదు, పొందిన అనుభవం కాదు. నన్నీ దేశంలో నిలబెట్టింది నాకు లేని ఆకలి.

కనుక పెద్దలారా, ఉప్మా సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. పెద్దవాళ్ళ కన్నా ముందు ఫోర్కు ఎత్తను. పంచుకు తినే బల్ల దగ్గర ఎంగిలి ఊసెత్తను. రెండు రోజుల నుంచి పస్తున్నానని ఇంకెప్పుడూ, ఎవరితోనూ, ఎట్టి పరిస్థితుల్లోనూ అబద్ధమాడను. ప్రమోషన్లిచ్చే నెలలో తప్ప.