మెట్లు లేని సదస్సు

మొన్న పొద్దున్న కాఫీ కలుపుకుంటూండగా ఫోను మోగింది. ఈమధ్య నాకు ఫోను చేసేవాళ్లు ఇద్దరే, ఒకడు గ్యాసు బండ తెచ్చేవాడు, రెండోవాడు బ్యాంకు నుంచి అంటూ మోసం చెయ్యాలని చూసేవాడు, కాబట్టి ఆ రెండోవాడే అయి ఉంటాడని నాలుగు తిట్లు సిద్ధం చేసుకుని మరీ ఎత్తాను. తీరా చూస్తే ఎవరో ఆడపిల్ల. చెరకు, బెల్లం ప్రయోగశాలల్లో పనిచేసే మాలాంటి టెక్నీషియన్లకి ఒక సంఘం ఉంది లెండి, దానికి ఇప్పుడు తనే కార్యదర్శినని చెప్పుకుంది. ఈసారి వార్షిక సదస్సు అనకాపల్లిలోనేనట, నేను తప్పకుండా రావాలట, అంతకుముందు నన్ను కొన్ని ప్రశ్నలు అడగాలట. చక్రాల కుర్చీ కావాలా, ర్యాంపు ఉంటే చాలా, మైకులో మాటలు సరిగా వినపడకపోతే తెర మీద అక్షరాలు వేయిస్తాం చదువుకోగలరా, ఏ భాషలో మాట్లాడితే మీకు సుఖంగా ఉంటుంది, భోజనంలో ఏది పడదు, మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చడానికి గది కావాలా, మీతో తోడు ఎవరు వస్తారు. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పాను. తోడు ఎవరూ లేరమ్మా, నేనొక్కడినే అన్నాను ఆ ఆఖరిదానికి. పరవాలేదు సార్, మా వాలంటీరు ఉంటాడు అంది ఆ పిల్ల హుషారుగా, పైగా మెట్లు లేని చోట సదస్సు పెట్టిన మొదటి మనిషి మీరేనని పెద్దవాళ్లు చెప్పారు, దాని గురించి వేదిక మీద రెండు ముక్కలు మాట్లాడాలి అంది. ఫోను పెట్టేసి చూసుకుంటే కాఫీ చల్లారిపోయి ఉంది. మళ్లీ వేడి చేసుకోబుద్ధి కాలేదు.

మూడో ఏట నాకొచ్చిన జ్వరం పోతూ పోతూ ఎడమకాలి బలం పట్టుకుపోయింది. అప్పటినుంచి చంకలో కర్ర, కాలికి ఇనుప పట్టీలు. మన తరం వాళ్లకి నేను వివరించి చెప్పనక్కర్లేదు, మన రోజుల్లో ఇలాంటి ప్రశ్నలు అడిగిన నాథుడు లేడు. మేడ మీద మీటింగు అంటే మేడ మీదే, ఎక్కగలిగినవాడు ఎక్కుతాడు, ఎక్కలేనివాడిని చూసి అందరూ జాలిపడతారు. జాలికి మాత్రం ఏ లోటూ లేదు సుమండీ, నా ఉద్యోగ జీవితమంతా అది కావలసినంత దొరికింది.

మా సంఘం సదస్సులు ఏడాదికో ఊళ్లో జరిగేవి, ఏ ఊళ్లో జరిగినా అదేం ఖర్మో హాలు మాత్రం పై అంతస్తులోనే ఉండేది. నేను కింద, చెప్పులు విడిచే చోట ఒక కుర్చీ వేయించుకుని కూర్చుని, మెట్ల మీదుగా దొర్లుకుంటూ వచ్చే మైకు మాటలు వినేవాణ్ణి. మధ్యాహ్నం ఎవరో ఒకరు విస్తరాకు ప్లేటులో భోజనం తెచ్చి పెట్టేవారు, నీకెందుకు శ్రమ గురూ, హాయిగా ఇక్కడే తిను అనేవారు, పాపం మంచి మనసుతోనే. ఒక ఏడు నలుగురు మిత్రులు ఉత్సాహం పట్టలేక నన్ను కుర్చీతో సహా ఎత్తుకుని పైకి బయల్దేరారు, సగం మెట్లకే ఆయాసం వచ్చి దించేశారు, దిగి వచ్చే పెద్దమనుషులు దారి చేసుకుంటూ పసిపిల్లాడి తల నిమిరినట్టు నా తల నిమిరి వెళ్లారు. నాకప్పటికి ముప్పై దాటాయి. ఇంకో ఏడు నేను రాసిన పేపరు నా బదులు వేరే ఆయన చదివాడు, బస్సు వేళలు చదివినట్టు గబగబా చదివేసి చప్పట్లు కొట్టించుకుని, కిందకొచ్చి నీ పేపరు అదిరింది బ్రదర్ అన్నాడు. నా పేపరు నా గొంతుతో, నా కాళ్ల మీద నిలబడి ఒక్కసారైనా చదవాలని ఆ రోజు నాకు ఎంత కోరిక పుట్టిందంటే, ఇంటికొచ్చి అన్నం కూడా తినలేదు.

ఇక్కడ మా వదిన సంగతి చెప్పాలి. మా పెదనాన్నగారి అబ్బాయి భార్య. కశింకోటలో రైతుబిడ్డ, పెళ్లయిన కొన్నాళ్లకే అన్నయ్య పోతే, మా ప్రయోగశాల వెనక షెడ్డులో బెల్లం పెనం దగ్గర దినకూలీగా చేరింది. చెరకు రసం కాగుతున్నప్పుడు మడ్డి పైకి తేలడానికి బెండకాడలు దంచి నానబెట్టి తీసిన జిగురు పోస్తారు. అది ముందుగా పోస్తే దండగ, ఆలస్యమైతే బెల్లం నల్లబడుతుంది. ఆ అదను మా వదినకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. నేను థర్మామీటరు పట్టుకుని పక్కన నిలబడి అంకెలు రాసుకునేవాణ్ణి, ఆమె నురగ వంక చూసి చెయ్యి ఎత్తేది, ఎత్తిందంటే అదే సమయం. నా థర్మామీటరంటే ఆమెకి మహా వేళాకోళం.

"ఆ గాజుపుల్ల నీ నోట్లో ఎట్టుకో మరిదీ, జొరమెంతుందో సెప్తాది. పాకం సంగతి నాను సెప్తాను," అనేది.

మధ్యాహ్నం ఇద్దరం షెడ్డు గుమ్మంలో కూర్చుని తినేవాళ్లం. పూడిమడక నుంచి గంపలతో వచ్చే ఆడవాళ్ల దగ్గర ఎండుచేపలు కొని వంకాయలో వేసి వండి తెచ్చేది, నా గిన్నెలో సగం ఒంపేసేది. నా కర్ర జారి పడితే లేచి తెచ్చి ఇచ్చేది కాదు, సూసుకుని ఎట్టుకోవాలి కదా అని తిట్టేది. నన్ను జాలిపడకుండా తిట్టిన మనిషి ఆ ప్రయోగశాలలో ఆమె ఒక్కతే. ఆ తిట్ల కోసమే నేను ఆదివారాలు ఎప్పుడు గడుస్తాయా అని చూసేవాణ్ణి అంటే ఇప్పుడు మీరు నవ్వుతారేమో, నవ్వండి.

ఇప్పుడు చెప్పబోయేది జరిగి ముప్పయ్యేళ్ల పైమాటే. ఆ ఏడు సదస్సు మా అనకాపల్లికి వచ్చింది, ఊరివాణ్ణి కదా అని బాధ్యత నా నెత్తిన పెట్టారు. అప్పుడు పట్టాను పంతం. మేడలూ కల్యాణ మంటపాలూ ఏవీ వద్దన్నాను. మార్కెట్లో బెల్లం వర్తకుడొకాయన మా నాన్నకి చిన్ననాటి స్నేహితుడు, సీజను కాదు కాబట్టి ఆయన గొడౌను ఖాళీగా ఉంది, దాన్ని అడిగి కడిగించాను. లారీలకి సరిగ్గా అందేలా గొడౌను అరుగు నడుమెత్తు ఉంటుంది, బెల్లం దిమ్మలు ఎక్కించేటప్పుడు ఏటవాలుగా ఒక బల్ల వేస్తారు. ఆ బల్లలే రెండు జోడించి, జారకుండా గోనెసంచులు కొట్టించి, వారం రోజుల పాటు దానిమీద పైకీ కిందకీ నడిచి చూసుకున్నాను. మీదు మిక్కిలి చీమలు. ఎంత కడిగినా బెల్లం గొడౌనుకి చీమలు పోతాయా, పెద్ద పెద్ద నిపుణులు సదస్సు జరిగినంతసేపూ కాళ్లు కుర్చీల మీదకి ముడుచుకుని గోక్కుంటూనే ఉన్నారు. అయినా నాకేం లెక్క, ఆ బల్ల మీద నా అంతట నేను ఎక్కాను.

ఆ సదస్సులో నేను చదివిన పేపరు బెండ జిగురు మీద. దాన్ని నేను రాశానన్న మాటేగానీ అందులో ఉన్న పనంతా మా వదిన చేతిది. ఆ సంగతి నాకు తెలుసు, అందుకే నెల ముందే ఆమెతో చెప్పాను, వదినా, నువ్వు కూడా వేదిక మీదకి రావాలి, జిగురు తీసి అందరికీ చూపించి, ఎప్పుడు పొయ్యాలో నీ నోటితో చెప్పాలి అని. ముందు నవ్వింది, మూడోరోజు తనే వచ్చి, సెప్తాను గానీ ఇంగిలీసులో సెప్పమంటే నా వల్ల కాదు అంది. ఇంగ్లీషు అక్కర్లేదని మాట ఇచ్చాను. కార్యక్రమం అచ్చు వేసేటప్పుడు మా అధ్యక్షులవారు ఆమె పేరు దగ్గర వేలు పెట్టి చదువెంత అని అడిగారు. లేదన్నాను. అయితే అచ్చులో వద్దు, బాగోదు, సమయం ఉంటే అప్పుడు చూద్దాం అన్నారు. సరేనన్నాను. బల్ల కోసం ఆయనతో మూడు రోజులు పోట్లాడినవాణ్ణి, దీనికి మూడు నిమిషాలు కూడా పోట్లాడలేదు.

ఆ రోజు పొద్దున్నే వదిన దాచుకున్న చీర కట్టుకుని, చంకలో బెండకాడల కట్ట పెట్టుకుని వచ్చింది. సరిగ్గా అప్పుడే వంటవాడు ఎగ్గొట్టాడని కబురొచ్చింది. నాకు కాలూ చెయ్యీ ఆడలేదు. వదినా, నువ్వు కాస్త పొయ్యి చూడు, నీ వంతు వచ్చేసరికి నేను పిలుస్తాను కదా అన్నాను. ఆమె ఆ కట్ట గోడకి ఆనించి, కొంగు నడుముకి చుట్టి, గొడౌను వెనక పొయ్యి దగ్గరకి వెళ్లింది.

లోపల నా ప్రసంగం గొప్పగా సాగింది. ఇన్నేళ్లూ నేను గుమ్మం బయట కూర్చున్నానని, ఈ రోజు మాత్రం బయట కూర్చున్నవాళ్లు ఒక్కరూ లేరని అన్నాను. చప్పట్లు మోగిపోయాయి, వెనక చూరుకి కట్టిన స్పీకరులో కూడా మోగే ఉంటాయి. పేపరు చదివాను, నా గొంతుతోనే. అయ్యాక ముందు వరసలో ఒక పెద్దాయన లేచి, జిగురు పొయ్యవలసిన సమయం ఎలా తెలుస్తుందని అడిగాడు. ఆ క్షణంలో ఆమె నాకు గుర్తు రాలేదని ఇన్నాళ్లూ నలుగురికీ చెప్పాను, నాకు నేను కూడా చెప్పుకున్నాను. అబద్ధం. గుర్తొచ్చింది. గోడకి ఆనించిన కట్టతో సహా గుర్తొచ్చింది. కానీ అన్నేళ్ల తర్వాత నేను నిలబడ్డ మొదటి వేదిక అది, ఆ ఒక్క నిమిషాన్ని ఇంకొకరితో పంచుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు. ఏదో ఉష్ణోగ్రత అంకె చెప్పేశాను. ఆయన రాసుకుని కూర్చున్నాడు.

భోజనాలు బ్రహ్మాండంగా ఉన్నాయని అందరూ అంటూంటే వెనక్కి వెళ్లాను. వండినవన్నీ వరసగా మూతలు పెట్టి ఉన్నాయి, మా వదిన లేదు. ఒక్క మెతుకు ముట్టకుండా కశింకోట ఆటో ఎక్కి వెళ్లిపోయిందని అక్కడున్నావిడ చెప్పింది.

మర్నాడు షెడ్డులో ఆమె పెనం తోముతూ తల ఎత్తకుండానే అడిగింది.

"మైకులో ఇన్నాను. బయట ఒక్కలూ లేరన్నావు కదా. మరి నానెక్కడున్నాను?"

ఆమె దెబ్బలాడలేదు, ఏడవలేదు, నా గురించి ఎవరితోనూ ఒక్క ముక్క చెడ్డగా అనలేదు. మధ్యాహ్నం తన గిన్నె తీసుకుని చెరకు తోటలో కలుపు తీసే ఆడవాళ్ల దగ్గరకి వెళ్లి కూర్చుంది. ఆ పూట నుంచి నన్ను సారూ అని పిలిచింది. నా కర్ర జారి పడితే వచ్చి తీసి అందించేది, అందరిలాగే. ఆ తర్వాత షెడ్డు మూసేసేదాకా ఆరేళ్లు నేను ఆ గుమ్మంలో ఒంటరిగానే తిన్నాను. క్షమించమని అడగడానికి ముఖం చెల్లలేదు, రేపు అడుగుదాం, పండగకి అడుగుదాం అనుకుంటూనే ఇంత దూరం వచ్చేశాను.

ఫోను వచ్చిన మూడో రోజున నేను షేర్ ఆటో ఎక్కి కశింకోట వెళ్లాను. ఆ ప్రశ్నలన్నీ వదినని అడగాలనీ, ఈసారి వేదిక మీద నా పక్కన కూర్చోబెట్టుకోవాలనీ, ఎవరేం అన్నా సరే చెప్పించాలనీ దారంతా అనుకుంటూనే ఉన్నాను. వాళ్ల తమ్ముడి ఇంట్లో వీధి వసారాలో కూర్చుని ఉంది. అత్తకి కొన్ని గుర్తుంటన్నాయి, కొన్ని ఉండట్లేదు మావయ్యా అని మేనకోడలు ముందే హెచ్చరించింది. నన్ను చూసి మాత్రం మొహమంతా వెలిగిపోయింది.

"ఏటి మరిదీ, ఇన్నాళ్లకి దారి తెలిసిందేటి? కూకో."

ఆ పిలుపు వినగానే మళ్లీ మరిదినయ్యానా, ఇంత తేలిగ్గా క్షమించేసిందా అనుకున్నాను. సదస్సు సంగతి చెప్పి, బెండ జిగురు ఎప్పుడు పొయ్యాలో నువ్వు చెబుదువు గాని రా వదినా అన్నాను. ఆమె కుడిచెయ్యి దానంతట అదే లేచింది, నురగ ఇలా పైకొచ్చినప్పుడు అని మొదలుపెట్టి, ఆ చెయ్యి వంక తనే వింతగా చూసుకుని, మరిసిపోయేను మరిదీ అని ఒళ్లో పెట్టేసుకుంది. అప్పుడు నేను ఆగలేకపోయాను. అచ్చులో తీసేసిన పేరు దగ్గర్నుంచి ఆ పెద్దాయనకి చెప్పిన అంకె దాకా, గుర్తొచ్చీ పిలవకపోవడంతో సహా అంతా చెప్పి, చిన్నపిల్లాడిలా ఏడ్చాను. ఆమె చివరిదాకా శ్రద్ధగా వింది, తర్వాత నా చెయ్యి నిమురుతూ అంది.

"అయ్యో పాపం. పిలవాల్సింది కదా మరిదీ ఆవిడ్ని. ఎంత ఆశపడి వచ్చిందో ఏటో."

తిరుగు ఆటోలో నేనొక్కణ్ణే ఉన్నాను. ఈ పిల్లలు మంచివాళ్లు, మనకంటే చాలా మంచివాళ్లు, వినపడదా, కనపడదా, ఎక్కలేవా, మా భాష రాదా అని మనిషి మనిషినీ అడిగి తెలుసుకుంటున్నారు, అడగడానికి వాళ్లకి సిగ్గులేదు, చెప్పడానికి అవతలివాళ్లకీ సిగ్గులేదు. మనకి ఆ రెండూ చేతకాలేదు. నేను వెళతాను, వాళ్లు కట్టిన ర్యాంపు ఎక్కి ఆ రెండు ముక్కలూ మాట్లాడతాను, కానీ మెట్ల గురించి కాదు. ఒకావిడ ఉండేదని, ఆమెని మేం పిలవలేదని చెబుతాను. జిగురు ఎప్పుడు పొయ్యాలని ఎవరైనా లేచి అడిగితే మాత్రం, తెలిసినావిడని అడగాల్సిన రోజున అడగలేదు బాబూ, ఇప్పుడు ఎవరికీ తెలియదు అని చెప్పి కూర్చుంటాను.