విమానం తోక మీద వెంకటరమణమ్మ

భట్టిప్రోలులో వెంకటరమణమ్మ నోటికి భయపడనివాళ్లు ఇద్దరే. ఒకడు ఆమె మొగుడు, ఆయన పోయి చాలాకాలమైంది. రెండోవాడు పూర్ణచంద్రరావు. స్వయానా అన్న కొడుకు, పైగా కూతురు సుబ్బరత్నం మొగుడు. తను ఎత్తుకుని పెంచినవాడే అల్లుడయ్యాడు కాబట్టి ఎంత తిట్టినా నవ్వుతాడు. అలా నవ్వేవాణ్ణి తిట్టడంలో సుఖం లేదని ఆమె బాధ.

పూర్ణచంద్రరావుకి తెనాలిలో ఆయిలింజన్లు బాగుచేసే షెడ్డుంది. 1967లో ఒక ఉదయం రెండు బండ్ల నిండా చెక్కలూ, ఇనప గొట్టాలూ, గోనెపట్టా చుట్టిన ఇంజనూ వేసుకొచ్చి అత్తగారి ధాన్యం కొట్టు ముందు దించాడు.

"ఏంట్రా ఇదంతా?"

"విమానం అత్తయ్యా."

ఆమె బండ్ల చుట్టూ ఒకసారి తిరిగింది. "ఏదీ?"

"ఇంకా చెయ్యాలి."

కోతల నాటికి కొట్టు ఖాళీ చేస్తానన్నాడు. ఏ సంవత్సరం కోతలో చెప్పలేదు. ఆదివారాలు పెళ్లాంతో రైలు దిగి రావడం, చెక్క చిత్రిక పట్టడం, జిగురు పూయడం. ఊళ్లోవాళ్లు తలుపు సందులోంచి తొంగిచూసి, రెక్కలు లేని ఆ ఆకారాన్ని కొందరు పడవన్నారు, కొందరు పాడె అన్నారు. వెంకటరమణమ్మ మాత్రం, "మా అల్లుడికి నేల మీద చేసే పని చేతకాదు, అందుకని పైకి పోతున్నాడు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేది.

మూడో ఏటికి దాని ఒళ్లంతా గుడ్డ తొడిగి, ముక్కున ఇంజను బిగించాడు. ఇక చక్రాలు పెట్టాలి. అంటే దాన్ని పైకెత్తాలి. ఒక లారీ జాకీ తెచ్చి రెండు ఇటికల మీద నిలబెట్టి, పొట్ట కిందకి చేర్చి తిప్పాడు. ముందుభాగం లేచింది. లేచిందే చాలనుకుని తను కింద దూరాడు.

వెంకటరమణమ్మకి ఆ ఇటికలు నచ్చలేదు. "నా కొట్లోంచి శవం లేస్తే నీ పెళ్లాం జన్మంతా నా ప్రాణం తీస్తుంది" అని, రెండు ఊక బస్తాలు దొర్లించుకొచ్చి అతని పక్కనే కుక్కింది.

"అడ్డం అత్తయ్యా, తియ్యి."

"తియ్యను. కొట్టు నాది."

ఆ వాదన తేలకముందే ఇటిక పగిలింది. జాకీ పక్కకి ఒరిగింది. విమానం ధభీమని బస్తాల మీద కూర్చుంది. పూర్ణచంద్రరావు నడుం దాకా కింద ఇరుక్కుని కాళ్లు కొట్టుకుంటున్నాడు. సుబ్బరత్నం వంటింట్లోంచి ఏడ్చుకుంటూ పరిగెత్తుకొచ్చింది.

కింద నుంచి గొంతు వినిపించింది. "రత్నం, గుడ్డేమైనా చిరిగిందా చూడు!"

సుబ్బరత్నం ఏడుపు టక్కున ఆగిపోయింది. ఇంట్లోకి వెళ్లి మళ్లీ కూర తరుక్కోవడం మొదలుపెట్టింది. అతన్ని బయటికి లాగించాల్సిన పని అత్తగారి మీదే పడింది. లాగించేముందు, కదలలేని మనిషి దొరికాడు కదా అని, మూడేళ్లుగా చెప్పాలనుకున్నవన్నీ చెప్పేసింది.

ఒళ్లు గీరుకుపోవడం తప్ప దెబ్బల్లేవు. కానీ ఆ తర్వాత కొన్ని ఆదివారాలు అతను ఆ విమానాన్ని ముట్టుకోలేదు. ఎదురుగా కూర్చుని చూసేవాడు. అలా కూర్చోవడం ఆమెకి నచ్చలేదు. మజ్జిగ గ్లాసు తెచ్చి పక్కన పెట్టి పోయేది.

చివరికి రేపల్లె నుంచి సింగయ్యని పిలిపించాడు. సింగయ్య పడవలు ఒడ్డుకి లాగే మనిషి. సరుగుడు బాదులు మూడు ముక్కాలిగా నిలబెట్టి, గొలుసు కప్పీ వేలాడదీశారు. దాన్ని ఇంజను పట్టుకునే ఇనప చట్రానికే తగిలించారు. గుడ్డ మీద, సన్నచెక్కల మీద చెయ్యి వేస్తే ఊరుకోనని పూర్ణచంద్రరావు అరిచాడు. జానెడు ఎత్తడం, ఆగడం, రెక్కలు తగిలించే గట్టి దూలం కిందకి పాత బొంతలు చుట్టిన చెక్క స్టాండ్లు జరపడం, ఊపి చూడటం. స్టాండ్లు కుదురుకునేదాకా కింద వేలు కూడా పెట్టనివ్వలేదు.

ఒక్కటే చిక్కు. గొలుసు వదలగానే ఇంజను బరువుకి ముక్కు వంగిపోతోంది. తోక మీద పెట్టిన ఇసక బస్తా రెండుసార్లు జారిపోయింది.

పూర్ణచంద్రరావు చూపు మెల్లగా అత్తగారి వైపు తిరిగింది. ఆమెకి అర్థమైంది.

"ఒరే, నన్ను బస్తా అంటున్నావా?"

"నువ్వు జారవు కదా అత్తయ్యా."

పీటేసి, పట్టుకుని, తోక మీద అడ్డంగా కట్టిన పలక మీద కూర్చోబెట్టారు. రంగూ పెట్రోలూ ఉన్నాయి కాబట్టి ఆమె నోట్లోని చుట్ట పారేయమన్నాడు. దానికి ఆమె పెట్టిన శాపనార్థాలు బజారు దాకా వినిపించాయి. కానీ పారేసింది. ముక్కు తిన్నగా నిలబడింది. చక్రాలు బిగిశాయి. ఆ సంబరంలో ఒకరినొకరు వీపులు చరుచుకుంటూ అందరూ అన్నానికి వెళ్లిపోయారు.

వెంకటరమణమ్మ పైనే ఉంది.

స్టాండ్లు తియ్యలేదు. దిగితే ముక్కు నేలకి కొట్టుకుంటుంది. ముందు అరిచింది. విస్తళ్ల దగ్గర సందడిలో ఎవరికీ వినపడలేదు. తర్వాత ఊరుకుని చుట్టూ చూసింది. అంత ఎత్తునుంచి ఆమె తన కొట్టుని ఎప్పుడూ చూడలేదు. రెండు రెక్కలూ గోడకి ఆనించి ఉన్నాయి, తెల్లగా. బాగానే చేశాడు వెధవ, అనుకుంది. ఆ మాట అతనితో మాత్రం చెప్పకూడదని కూడా అనుకుంది.

మజ్జిగ పోస్తూ సుబ్బరత్నం, "అమ్మేదీ?" అంది. పూర్ణచంద్రరావు చెయ్యి కడక్కుండా పరిగెత్తాడు. ఇసక నింపిన డ్రమ్ముని తోకకి గట్టిగా కట్టి, స్టాండ్లు మరోసారి ఊపి చూశాకే ఆమెని దించాడు. కాళ్లు తిమ్మిరెక్కి ఆమె అతని భుజం పట్టుకుంది. ఒక్క మాట అనలేదు. అతనికి ఆ రోజంతా భయమేసింది.

పర్మిషన్ కోసం మద్రాసు, ఢిల్లీ ఆఫీసులన్నిటికీ రాశాడు. జవాబు రాలేదు. 1971 మాఘమాసంలో విమానాన్ని విడదీసి, బాపట్ల సముద్రం ఒడ్డుకి చేర్చి, గట్టి ఇసక మీద మళ్లీ బిగించాడు. "నేల మీద నడిపి చూస్తానంతే" అని వెంటొచ్చిన అత్తగారికి చెప్పాడు. ఇంజను గొంతెత్తింది. విమానం పరిగెత్తింది, ఎగిరెగిరి పడింది, ఒకచోట పడటం మర్చిపోయింది. చక్రాల కింద వెలుగు కనపడింది. కొబ్బరిచెట్టులో సగం ఎత్తు లేచిందేమో, అంతలోనే దిగి, ఇసకలో మెలికలు తిరుగుతూ ఆగింది.

జనంతో పాటు పోలీసు సబ్ఇన్‌స్పెక్టర్ కూడా వచ్చాడు. "ఎవరిదిది? ఎగరడానికి పర్మిషన్ ఉందా?"

పూర్ణచంద్రరావు ఇంకా విమానంలోంచి దిగుతున్నాడు. వెంకటరమణమ్మ ముందుకొచ్చింది. "నాది బాబూ. ఎగరడమేంటి? మా ఇంట్లో కోడిపుంజు ఇంతకన్నా ఎత్తు ఎగురుద్ది. దానికి పర్మిషన్ ఎవరి దగ్గర తీసుకోవాలో చెప్పండి, రేపే వెళ్తా."

సబ్ఇన్‌స్పెక్టర్ మీసం కింద నవ్వు దాచుకోలేకపోయాడు. "చీకటిపడేలోగా విప్పి పట్టుకుపోండమ్మా. మళ్లీ కనపడితే పుంజుని కూడా లోపలేస్తా."

రెక్కలు విప్పి బండ్లకెత్తారు. తిరుగుదారిలో పూర్ణచంద్రరావు పిచ్చివాడిలా తనలో తను నవ్వుకుంటూ నడిచాడు. వెంకటరమణమ్మ బండి మీంచి వంగి అతని భుజం మీద తట్టింది.

"ఒరే, లేచేటప్పుడు ఎడమకి లాగుతోంది. చూసుకో."